అరిగిపోయిన రెండు గీతలు

రిటైరయ్యాక నాకు పగటినిద్ర బాగా అలవాటైంది. మల్కాజ్‌గిరిలో మా ఇంటి వరండాలో పడక్కుర్చీలో వాలి కళ్లు మూసుకుంటే చాలు, సికింద్రాబాద్ వైపు పోయే లోకల్ రైలు చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు దూరమవుతూ దూరమవుతూ కీబోర్డు చప్పుడుగా మారిపోతుంది. ఎవరో ఆగకుండా టైపు చేస్తుంటారు. గదినిండా స్పిరిట్ వాసన. మూతలు విప్పిన ల్యాప్‌టాప్‌లు బల్లలమీద వరసగా నిద్రపోతుంటాయి. కిటికీలోంచి వచ్చిన ఎండ వాటిమీద మెల్లగా జరుగుతూ ఉంటుంది. నేను ఒక్కొక్క దాని దగ్గరికీ పోయి "రాదు, రాదు" అంటుంటాను.

మెలకువ వచ్చేసరికి మా ఆవిడ ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటుంది.

"మళ్ల ఆఫీసుకు పోయొచ్చినవా? నిద్రల సుత రాదు రాదు అనుడేనా?" అంటుంది.

ఆ 'రాదు' సంగతి చెప్పాలి. ఒక ల్యాప్‌టాప్ కంపెనీ తరఫున రిపేర్లు చేసే సర్వీస్ సెంటర్‌లో పనిచేశాను. జనరల్ బజార్‌కు దగ్గర్లో, మేడమీద ఉండేది. మొదటి కొన్నేళ్లు స్క్రూడ్రైవర్ పట్టాను. తర్వాత నన్ను కౌంటర్ వెనక కూర్చోబెట్టారు. పాడైన పార్టు వారంటీలో వస్తుందో రాదో తేల్చడం నా పని. పార్టులో లోపముంటే కంపెనీ కొత్తది ఇస్తుంది. వాడి వాడి అరిగితే ఇవ్వదు. బ్యాటరీ దిగిపోయిందా, రాదు. కీల మీద అక్షరాలు చెరిగాయా, రాదు. మా వాళ్లు నా వెనకాల నన్ను 'రాదు సార్' అనేవాళ్లు. ముందర కూడా అనేవాళ్లేమో, నేనే వినిపించుకోలేదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఇప్పటికీ అప్పుడప్పుడు ఫోన్ చేస్తారు. "సార్, అరిగిపోయిన పార్టుకు కంపెనీ ఎందుకివ్వాలి?" అని అడుగుతారు. వాళ్ల వయసులో నా దగ్గర దీనికి తిరుగులేని జవాబు ఉండేది. చెప్పు అరిగితే చెప్పుల కంపెనీ కొత్త జత ఇస్తుందా? నడిచింది నువ్వు, అరిగింది నీ కాలి కింద. ఈ చెప్పుల మాటతో ఎందరి నోళ్లు మూయించానో లెక్కలేదు. ఎదుటివాళ్లు మారుమాట లేకుండా మెట్లు దిగి పోతుంటే, న్యాయం చెప్పాననే అనుకునేవాణ్ణి.

మా సెంటర్‌లో అందరికంటే పాత టెక్నీషియన్ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మనిషి. ఎన్నేళ్లు ఈ ఊళ్లో ఉన్నా ఆయన మాటలో ఉప్పుగాలి పోలేదు. రిపేరంతా అయ్యాక మెషీన్‌ను పెళ్లికూతుర్ని చెయ్యడం ఆయన పెట్టిన ఆచారం. ఆ మాట ఆయనదే. స్క్రీను తుడిచి, కీల సందుల్లో దుమ్ము బ్రష్‌తో లాగి, స్పిరిట్‌తో మరకలన్నీ తీసి, చివర మెరుగు నీళ్లేవో రాసి, మెత్తటి గుడ్డతో నిమిరేవాడు. "బాగు సెయ్యడం ఎవుడైనా సేస్తాడు బాబూ. ఆడపిల్లని అత్తోరింటికి పంపినట్టు పంపాల. అదీ పనంటే" అనేవాడు. కస్టమర్లు మూత తెరిచి "అబ్బ, కొత్తదాని లెక్కుందే" అంటే చాలు, ఆ పూట ఆయనకు అన్నం అక్కర్లేదు. నిజం చెప్పాలంటే, నేను రాదన్న వాళ్లను కూడా ఆ మెరుపే కాస్త చల్లబరిచేది.

ఒక ఏడు, సికింద్రాబాద్‌లో లష్కర్ బోనాల మర్నాడు, సోమవారం. అమ్మవారు పూని భవిష్యత్తు చెప్పే రంగం జరిగే రోజు. ఊరేగింపు వస్తుందని పొద్దున్నే చుట్టుపక్కల రోడ్లకు బారికేడ్లు పెట్టారు. సెలవు ఇస్తారేమో అని అందరం ఆశపడ్డాం. సెలవు రాలేదు గానీ హెడ్డాఫీసు నుంచి ఆడిటర్ వచ్చాడు. మేం వారంటీలో ఇచ్చిన పార్టులు న్యాయంగా ఇచ్చామా, దానం చేశామా అని చూసే మనిషి. చిన్నవాడే, మంచివాడే. మామూలుగా టీ తాగి, రెండు ఫైళ్లు తిరగేసి, నా వీపు తట్టి పోయేవాడు. నాలాంటివాడు ప్రతి సెంటర్‌లోనూ ఉండాలనేవాడు. ఆ రోజు మాత్రం ఆయన వచ్చాక రోడ్లు పూర్తిగా మూసేశారు. ఇక ఆయన మా దగ్గర ఇరుక్కుపోయాడు.

ఆయనకంటే కాస్త ముందు ఒక అమ్మాయి మెట్లెక్కి వచ్చింది. చేతిలో తెల్లకర్ర, భుజాన ల్యాప్‌టాప్ బ్యాగు. అల్వాల్ నుంచి బస్సులో వచ్చి, బస్సును దూరంగా ఆపేస్తే అక్కడినుంచి జనంలో నడుచుకుంటూ వచ్చిందట. చెమటతో ముఖమంతా తడిసిపోయింది. ఆ ల్యాప్‌టాప్ నాకు తెలుసు. ఫ్యాన్ మోత పెడుతోందని వారం కింద ఎవరో తెచ్చిచ్చారు. ఫ్యాన్ వారంటీలో మార్చాం, శనివారం పంపించేశాం.

"ఫ్యాన్ మళ్లీ సతాయిస్తోందా అమ్మా?" అన్నాను.

"ఫ్యాన్ మంచిగనే ఉంది సార్. నా చుక్కలు పోయినయ్."

నాకు అర్థం కాలేదు. ఆ అమ్మాయి ల్యాప్‌టాప్ తెరిచి, నా చెయ్యి అడిగి పట్టుకుని, వేలిని ఒక కీ మీద పెట్టింది. తర్వాత ఇంకో కీ మీద. ఎఫ్, జె.

"మీ కీబోర్డు మీద గిక్కడ చిన్న గీత ఉంటది, తెలుసా సార్?"

తెలుసు. మీకూ తెలుసు. ఆ రెండు కీల మీద మాత్రం సన్నగా, కాస్త ఉబ్బెత్తుగా ఒక గీత ఉంటుంది. చూపుడువేళ్లు దాన్ని తాకితే చేతులు సరైన చోట ఉన్నట్టు. ఇన్నేళ్లు కీబోర్డుల మధ్య బతికి, ఆ గీతను నేను ఎప్పుడూ పట్టించుకోలేదు. ఇప్పుడు వేలు పెట్టి చూస్తే అక్కడ ఏమీ లేదు. గాజు పలక మీద వేలు జారినట్టు జారిపోయింది.

ఆ అమ్మాయి చెప్పింది ఇదీ. డాక్టర్లు మాట్లాడి రికార్డు చేసిన రిపోర్టులను విని టైపు చెయ్యడం ఆమె ఉద్యోగం. రోజంతా అదే పని. కొన్న ఏడాదిలోపే ఆ రెండు గీతలూ అరిగిపోయాయి. దాంతో వాళ్లక్క గోళ్ల రంగుతో ఆ రెండు కీల మీద చిన్న చుక్కలు పెట్టేది. ఊడినప్పుడల్లా మళ్లీ పెట్టేది. మేం ఫ్యాన్ మార్చి పంపిన తర్వాత చూసుకుంటే చుక్కలు లేవు. మళ్లీ పెడితే కీ మీద రాసిన మెరుగు వల్ల నిలవడం లేదు.

"డాక్టర్ మాట చెవుల నడుస్తుంటది సార్. చెయ్యి ఒక్క కీ పక్కకు జరిగినా తెల్వది. పేజీ అంతా అయినంక ల్యాప్‌టాప్‌తోని చదివించుకుంటే అంతా పిచ్చి రాత. మళ్ల మొదటినుంచి షురూ చెయ్యాలె. ఆదివారం పొద్దంత గిట్లనే పరేషాన్ అయిన. రిపోర్టులు లేటయినయ్. ఈ వారం కూడ లేటయితే వేరేటోళ్లను పెట్టుకుంటమని మా మేడమ్ చెప్పేసింది."

"బయట కీబోర్డు ఒకటి తగిలిస్తే..." అన్నాను.

"అదొక అలవాటు కావాలె కద సార్. ఈ వారం నాకు అలవాటు చేసుకునే టైం లేదు."

సరిగ్గా అప్పుడే ఆడిటర్ లోపలికి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. విన్నాడు. నా వైపు చూసి నవ్వాడు. ఇది నా చేతి వంటే కదా, వడ్డించమన్నట్టు. నేను కూడా అలవాటు కొద్దీ షురూ చేశాను.

"చూడమ్మా, కీ మీద గీత వాడకంలో అరిగింది. అరిగినవి వారంటీలో రావు. పైగా రెండు కీలు విడిగా దొరకవు. మొత్తం కీబోర్డు, దానితోపాటు పైమూత మార్చాలి. ఇప్పుడు చెప్పు అరిగితే..."

"చెప్పు కాదు సార్ అది" అంది ఆ అమ్మాయి. గొంతు పెంచలేదు. "జెర ఆలోచించుండ్రి. ఫ్యాన్ ఎందుకు పోయింది? తిరిగి తిరిగి పోయింది. అది అడగంగనే ఇచ్చిండ్రు. మోత మీ చెవులకు సుత వినబడ్డది కాబట్టి ఇచ్చిండ్రు. ఇది నా వేలికే తెలుస్తది, అందుకే ఇస్తలేరు."

కిటికీ అవతల ఎక్కడో డప్పులు మొదలయ్యాయి.

ఈ మాటలన్నీ లోపల గదిలోకి వినిపిస్తూనే ఉన్నాయి. మా పెద్ద టెక్నీషియన్ చేతులు గుడ్డతో తుడుచుకుంటూ బయటికొచ్చాడు. వచ్చి, ఆ ల్యాప్‌టాప్‌ను గుర్తుపట్టి, అక్కడే ఆగిపోయాడు. ఆయన ముఖం వాడిపోవడం నేను కళ్లారా చూశాను.

"అయి మరకలనుకున్నాను తల్లీ" అన్నాడు. "గోరు రంగు ఒలకబోసుకున్నావనుకున్నాను. ఊడి రాకపోతే పుల్ల పెట్టి గీకి మరీ తీసినాను. తీసేసి ఎంత మురిసిపోనానో. నీ కళ్లు నానే తీసేసినాను గదమ్మా."

"అట్ల అనకుండ్రి అంకుల్. మీకు ఎట్ల తెలుస్తది?" అంది ఆ అమ్మాయి.

ఆడిటర్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఆయనకు దారి దొరికింది. "అయితే ఇది ఈజీ. సెంటర్ వాళ్లు డ్యామేజ్ చేశారని రాద్దాం. సెంటర్ ఖర్చుతో కీబోర్డు మార్చేస్తారు. ఈయన పేరు మీద ఒక రిమార్కు పడుతుంది, అంతే. అమ్మాయి పనీ అయిపోతుంది."

అంతే అన్నాడు. మా పెద్దాయన ఇంకో ఏడాదిలో రిటైర్ కావాలి. ఆయన సర్వీసులో ఒక్క రిమార్కు లేదు, ఆ మాట రోజుకోసారైనా చెప్పుకునేవాడు.

"రాసీండి బాబూ. తప్పు నాదే. రాసీండి" అన్నాడు ఆయన.

పెన్ను నా చేతిలో ఉంది. అలా రాస్తే కంపెనీకి నష్టం లేదు, అమ్మాయికి కీబోర్డు దొరుకుతుంది, ఆడిటర్‌కు తలనొప్పి తగ్గుతుంది. నాకు కూడా. నేను రాసేవాణ్ణేనేమో.

"వద్దు సార్" అంది ఆ అమ్మాయి. "అంకుల్ తీసింది నా గోళ్ల రంగు. మీ కంపెనీ గీత అంతకుముందే పోయింది. అది పోకపోతే నేను చుక్క ఎందుకు పెట్టుకుంట? తప్పు ఒకలదైతే పేరు ఇంకొకలది రాస్తరా? అట్లయితే నాకు కీబోర్డే వద్దు."

ఉద్యోగం పోయేలా ఉన్న పిల్ల ఆ మాట అంది. ఇన్నేళ్లలో ఆ బల్ల ముందు నిలబడి, వస్తున్నదాన్ని వద్దన్నవాళ్లను నేను చూడలేదు.

డప్పులు దగ్గరయ్యాయి. కిటికీ అద్దాలు సన్నగా అదురుతున్నాయి. ఎవరో "ఏనుగు వస్తోంది" అన్నారు. అందరం కిటికీ దగ్గరికి పోయాం, ఆడిటర్‌తో సహా. కింద వీధి కనిపించడం లేదు, తలలే కనిపిస్తున్నాయి. పసుపు, వేపాకు, సాంబ్రాణి పొగ. ఆ పొగ మధ్యలోంచి అంబారీతో ఏనుగు నడుస్తుందో తేలుతుందో తెలియకుండా వస్తోంది. ఎందుకో ఆ క్షణం చప్పుళ్లన్నీ ఆగిపోయినట్టు అనిపించింది నాకు. ఇప్పటికీ కలలో ఆ ఏనుగు వస్తే చప్పుడు లేకుండానే వస్తుంది.

మా పెద్దాయన ఆ అమ్మాయి పక్కన నిలబడి చెబుతున్నాడు. "ఇప్పుడు మలుపు తిరుగుతోందమ్మా. నుదుటి మీద రంగులేసినారు. మావటోడు ముందుకి వొంగి సెవిలో ఏటో సెప్తన్నాడు."

"దారి ఎట్ల తెలుస్తది అంకుల్ దానికి, ఇంతమంది జనంల?" అని అడిగింది ఆ అమ్మాయి.

"మావటోడు సెవి ఎనకాల కాలి బొటనేలితో తడతాడు తల్లీ. ఆ చోటు దానికి తెలుసు. అంతే."

నేను కిటికీ వదిలేసి వచ్చి నా బల్ల దగ్గర కూర్చున్నాను. చెప్పులమాట ఎక్కడ తప్పిందో నాకు అప్పుడు తెలిసింది. చెప్పు అరగడానికే ఉంది. దారి పక్కన పాతిన మైలురాయి కూడా చెప్పులాంటిదేనా? దాని మీద అంకెలు ఏడాదికే చెరిగిపోతే, నువ్వు చాలాసార్లు చూశావు కాబట్టి చెరిగిందని బాటసారిని అంటామా? పాతినవాణ్ణి అడుగుతాం కదా. అక్షరం చెరిగితే అది అందం పోవడం. గీత చెరిగితే దారి పోవడం. ఈ రెంటినీ ఒకే గంపలో వేసి ఇన్నాళ్లూ రాదన్నది మా రూలు.

ఆడిటర్ వచ్చి కూర్చున్నాడు. ఆయన బ్యాగులో ఉన్నది కూడా అదే మోడల్ అని నాకు తెలుసు. "సార్, మీది ఒకసారి తెరవండి" అన్నాను. తెరిచాడు. గీతలు వేలికి గట్టిగా తగిలాయి, కొన్నరోజున ఎలా ఉన్నాయో అలా.

"నాది అరగలేదే" అన్నాడు ఆయన.

"మీరు రెండు వేళ్లతో, చూసి చూసి కొడతారు సార్. ఆ గీత ఎవరికోసం పెట్టారో వాళ్ల చేతిలోనే ఏడాది నిలవలేదు. అది అక్కర్లేని మనలాంటి వాళ్ల దగ్గర నూరేళ్లు నిలుస్తుంది."

ఆయన తన గీత మీద బొటనవేలితో చాలాసేపు రాస్తూ కూర్చున్నాడు. రోడ్లు తెరిచేదాకా ఆయనకు వేరే పని లేదు. మామూలు రోజైతే ఈపాటికి కారెక్కి ఉండేవాడు. ఆ మాట తలచుకున్నప్పుడల్లా అమ్మవారికి మనసులో దండం పెట్టుకుంటాను.

చివరికి అడిగాడు. "మీరు చెప్పండి సార్. ఇన్నేళ్లుగా మీరు ఇచ్చిన మాట నేను ఎప్పుడూ మార్చలేదు. దీన్ని లోపం అని రాస్తే పైవాళ్లు నన్ను అడుగుతారు. రాదంటారా, వస్తుందంటారా?"

"వస్తుంది" అన్నాను.

గదిలో స్క్రూడ్రైవర్లన్నీ ఆగిపోయాయి. రిసెప్షన్‌లో అమ్మాయి ఫోన్ చెవిన పెట్టుకునే తిరిగి చూసింది. నా నోట ఆ మాట నాకే కొత్తగా ఉంది. కాస్త తియ్యగా కూడా ఉంది.

ఆడిటర్ సంతకం పెట్టాడు. లోపం కింద నేను రాసింది ఒక్క ముక్క: చేతికి ఆనవాలు కోసం పెట్టిన గీత వారంటీ కాలం నిలవలేదు. ఎవరి పేరూ రాయలేదు.

కీబోర్డు రావడానికి కొన్నాళ్లు పడుతుంది. ఆ కొన్నాళ్లే ఆ అమ్మాయికి ప్రాణం. మా పెద్దాయన భోజనానికి లేవలేదు. తాను రాసిన మెరుగును తానే స్పిరిట్‌తో దించాడు. తర్వాత గట్టి జిగురు తీసి, సూది మొనతో ఎఫ్ మీద ఒక బొట్టు, జె మీద ఒక బొట్టు పెట్టాడు. ఆరాక ఆమె తాకి చూసేది. "ఇంకొంచెం కిందకి అంకుల్... ఇది జెర ఎత్తయింది, వేలు ఆగుతోంది." ఆయన గీకి మళ్లీ పెట్టేవాడు. అంత ఓపికగా ఆయన ఏ పెళ్లికూతురికీ బొట్టు పెట్టి ఉండడు. కింద వీధిలో జనం పలచబడ్డారు. పొగ వాసన మాత్రం గదిలోకి వచ్చి నిలబడింది. ఆ అమ్మాయి రెండు చేతులూ కీబోర్డు మీద పెట్టి, తల కొద్దిగా వంచి, గబగబా ఏదో టైపు చేసింది. ల్యాప్‌టాప్ చదివి వినిపించింది: అంకుల్‌కు థాంక్స్, రాదు సార్‌కు కూడా.

అందరూ ఫక్కుమన్నారు. పేరు ఆమెకు ఎవరు చెప్పారో ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోలేదు.

ఆ తర్వాత మా పెద్దాయన ఆచారం మారింది. పెళ్లికూతుర్ని చేసే ముందు కళ్లు మూసుకుని, మెషీన్ అంతా ఒకసారి చేత్తో తడిమేవాడు. వేలికి ఏదైనా తగిలితే, అది మరకైనా సరే, కస్టమర్‌కు ఫోన్ చేసి "ఇది మీరు పెట్టుకున్నదా బాబూ?" అని అడిగేవాడు. చాలామంది నవ్వేవాళ్లు. ఒకాయన మాత్రం, ల్యాప్‌టాప్ అంచున ఎండిపోయిన పసుపు మరక ఉంచెయ్యమన్నాడు. దసరాకు వాళ్లమ్మ పెట్టిన బొట్టట, ఇప్పుడు ఆవిడ లేదట.

మరుసటి ఏడు మళ్లీ బోనాలు దగ్గరపడుతుండగా ఆ అమ్మాయి వచ్చింది. ఈసారి ముఖంలో చెమట ఉంది గానీ కంగారు లేదు. వచ్చి ల్యాప్‌టాప్ నా బల్ల మీద పెట్టింది.

"మళ్ల అరిగినయ్ సార్. మార్చిన పార్టుకు ఇంక నాల్గు రోజులు వారంటీ ఉంది. చూసుకునే వచ్చిన."

పెద్దాయనను పిలిచాను. అదే వారం ఆయన రిటైర్ కాబోతున్నాడు, రిమార్కు లేకుండా. ఆయన కళ్లు మూసుకుని ఎఫ్ మీద ఒక వేలు, జె మీద ఒక వేలు పెట్టాడు. కళ్లు తెరిచేసరికి ఆయన ముఖమంతా వెలిగిపోతోంది.

"ఉజ్జోగం ఉందన్నమాట తల్లీ" అన్నాడు.

"ఉంది అంకుల్" అంది ఆ అమ్మాయి.